మగ్గం నుండి మారుతి వరకు – సుజుకీ చరిత్ర, మా ఇంటి అనుభవం

మన టౌన్‌షిప్ వీధులలో సాయంకాలపు నడకకు బయలుదేరిన వారికి క్వార్టర్ల ముందు బారులు తీరిన కార్లు కనిపిస్తాయి. వాటిలో మా ఇంటి ముందున్నది అన్నింటికంటె చిన్నది, అన్నింటికంటె పాతది. 1998లో కొన్న తెల్లని మారుతి 800 అది. "ఇంకా దీనిని ఎందుకు ఉంచుకున్నారండీ?" అని సహోద్యోగులు చనువుగా అడుగుతూనే ఉంటారు. నవ్వి ఊరుకోవడమే ఇంతకాలం మా సమాధానం. పదవీ విరమణకు చేరువవుతున్న ఈ సమయంలో ఆ ప్రశ్నకు సక్రమంగా బదులు వ్రాయాలనిపించింది. అందుకు ముందుగా ఆ కారును రూపొందించిన సుజుకీ సంస్థ చరిత్రను, తరువాత 2003 వేసవిలో ఒక రాత్రి మేము నేర్చుకున్న పాఠాన్ని పాఠకుల ముందుంచవలసి ఉన్నది.

అమ్మ కోసం చేసిన మగ్గం

జపాన్ దేశంలో టోక్యో, ఒసాకా నగరాల మధ్య పసిఫిక్ తీరాన హమమత్సు అనే పట్టణం కలదు. ఒకప్పుడు ప్రత్తి సాగుకు, నేతపనికి పేరుపొందిన ప్రాంతమది. మిచియో సుజుకీ 1887లో అక్కడి ఒక రైతు కుటుంబంలో జన్మించారు. వడ్రంగి వద్ద శిష్యరికం చేసి పని నేర్చుకున్నారు. తన తల్లి శ్రమను తగ్గించడానికి ఆయన కాలితో తొక్కే కొయ్య మగ్గాన్ని తయారుచేసి ఇచ్చారని, దానిని చూసిన ఇరుగుపొరుగువారు తమకూ అటువంటిదే కావాలని అడిగారని చెబుతారు. 1909లో సుజుకీ మగ్గాల కర్మాగారం వెలసింది. 1920లో అది కంపెనీగా రూపొందింది.

ఈ వృత్తాంతం చదివినప్పుడు మన ఆలేరు ప్రాంతానికి చెందిన శ్రీ చింతకింది మల్లేశం గుర్తుకు రాక మానరు. చీర నేతకు ముందు ఆసు పోయడానికి తల్లి లక్ష్మిగారు రోజంతా వేల పర్యాయాలు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఆయన ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనను పద్మశ్రీ పురస్కారం వరించింది. దేశాలు వేరు, కాలాలు వేరు. తల్లి నొప్పిని చూసి పనిముట్టు పట్టిన కుమారుల మనసు మాత్రం ఒక్కటే.

మిచియో సుజుకీ దృష్టి 1930 దశకంలో మోటారు వాహనాలపైకి మళ్ళింది. 1937లో కారు తయారీ ప్రయత్నం ఆరంభమైనది. బ్రిటన్‌లో తయారైన ఆస్టిన్ సెవెన్ కారును తెప్పించి, విడదీసి పరిశీలించి, నమూనా కార్లను సిద్ధం చేశారు. ఇంతలో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. ఆ ప్రయత్నం మూలపడింది. యుద్ధానంతరం మగ్గాలకు తిరిగి గిరాకీ వచ్చినా అది ఎక్కువ కాలం నిలువలేదు. వస్త్ర పరిశ్రమ దెబ్బతినడంతో సంస్థ తీవ్రమైన ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకున్నది.

అప్పుడు సంస్థను గట్టెక్కించినది సైకిలుకు తగిలించే చిన్న ఇంజను. 1952లో "పవర్ ఫ్రీ" అనే పేరుతో 36 సీసీ ఇంజనును మార్కెట్టులోకి తెచ్చారు. దీనిని అమర్చిన సైకిలును పెడల్ తొక్కి నడపవచ్చు, ఇంజనుతో నడపవచ్చు, లేదా రెండింటితో కలిపి నడపవచ్చు. 1954లో సంస్థ పేరు సుజుకీ మోటార్ కంపెనీగా మారింది. 1955లో "సుజులైట్" అనే తొలి కారు వెలువడింది. దాని ఇంజను 360 సీసీ మాత్రమే. అయినప్పటికీ ముందు చక్రాలకే శక్తిని అందించే ఏర్పాటు అందులో ఉన్నది. ఇంజను నుండి వెనుక చక్రాలకు పొడవాటి షాఫ్టు అక్కరలేకపోవడం వలన బరువు తగ్గింది, లోపల కూర్చునేవారికి స్థలం మిగిలింది.

మగ్గంలో అక్కరలేని కర్ర ఒక్కటి కూడా ఉండదు. ఉన్న ప్రతి కర్రా ఏదో ఒక పని చేస్తుంది. సుజుకీ కార్లకు ఈ లక్షణం పుట్టుకతోనే వచ్చినదని మా అభిప్రాయం.

చిన్నదనమే సిద్ధాంతం

సంస్థను ప్రపంచ స్థాయికి చేర్చినవారు ఒసాము సుజుకీ. 1930లో జన్మించిన ఆయన మొదట బ్యాంకు ఉద్యోగి. సుజుకీ కుటుంబపు అల్లుడై, జపాన్ సంప్రదాయం ప్రకారం అత్తవారి ఇంటిపేరును స్వీకరించి, 1958లో సంస్థలో చేరారు. 1978లో అధ్యక్షులయ్యారు. ఆ మరుసటి ఏడాది "ఆల్టో" కారును 4 లక్షల 70 వేల యెన్ల ధరకు ప్రవేశపెట్టారు. అప్పటి జపాన్‌లో కొత్త కారుకు అది ఆశ్చర్యం గొలిపేటంత తక్కువ ధర. సరుకుల బండి తరగతిలో దానిని రూపొందించి, ప్రయాణికుల కార్లపై విధించే పన్ను భారాన్ని తప్పించారు. అలంకారాలను తగ్గించారు. నిత్యావసరానికి పనికివచ్చేదేదో దానిని మాత్రమే మిగిల్చారు.

చిన్నగా, తక్కువగా, తేలికగా, పొట్టిగా, అందంగా అనే ఐదు మాటలు ఆ సంస్థకు సూత్రప్రాయమైనవి. ఒక గ్రాము ఇనుము తగ్గితే ఎంత మిగులుతుంది, ఒక అడుగు నడక తగ్గితే ఎంత సమయం ఆదా అవుతుంది అనే లెక్క అక్కడి షాపు ఫ్లోరులో నిత్యకృత్యం. పొదుపును పిసినారితనంగా చూడకుండా ఇంజనీరింగ్ విలువగా చూడడం అక్కడి ప్రత్యేకత.

గుర్గాఁవ్‌లో కొత్త అధ్యాయం

మన దేశంలో 1971లో స్థాపితమైన మారుతి లిమిటెడ్ ప్రజలకు కార్లు అందించకుండానే 1978లో మూతపడింది. దాని ఆస్తులను 1980లో కేంద్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ అవతరించింది. దానికి సారథ్యం వహించినవారు అంతకు ముందు బీహెచ్‌ఈఎల్ ఛైర్మన్‌గా పనిచేసిన శ్రీ వి. కృష్ణమూర్తి. ఆయనకు కుడిభుజంగా నిలిచిన శ్రీ ఆర్.సి. భార్గవ కూడా బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసి వచ్చినవారే. ప్రభుత్వ రంగ ఉద్యోగులమైన మనకు ఇది గర్వకారణం. దేశపు రహదారుల రూపురేఖలను మార్చిన ఆ కారు వెనుక మన రంగపు అనుభవం ఉన్నది.

విదేశీ భాగస్వామి కొరకు అన్వేషణ సాగినప్పుడు యూరప్, జపాన్ దేశాల పెద్ద సంస్థలతోనూ చర్చలు జరిగాయి. వాటితో పోలిస్తే సుజుకీ చిన్న సంస్థ. కాని ఒసాము సుజుకీ స్వయంగా చొరవ తీసుకున్నారు, పెట్టుబడి పెట్టడానికి ముందుకు వచ్చారు. 1982 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. తొలుత సుజుకీ వాటా 26 శాతం.

1983 డిసెంబరు 14న అప్పటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరా గాంధీ తొలి మారుతి 800 తాళాలను యజమానికి అందజేశారు. లాటరీలో ఎంపికైన ఆ అదృష్టవంతుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి, అనగా మనవంటి ప్రభుత్వ రంగ ఉద్యోగియే. ధర 50 వేల రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. అంతవరకు అంబాసిడర్, పద్మిని కార్ల కోసం ఏళ్ళ తరబడి నిరీక్షించిన మధ్యతరగతి కుటుంబాలకు అదొక నూతన శకం.

గుర్గాఁవ్ కర్మాగారంలోని పని పద్ధతులు కూడా ఆనాడు చర్చనీయాంశమైనవి. మేనేజింగ్ డైరెక్టరుకూ, కార్మికునికీ ఒకే యూనిఫారం, ఒకే క్యాంటీను. అధికారులకు ప్రత్యేక గదులు లేని కార్యాలయం. షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ కలసి వ్యాయామం. కార్మికులను జపాన్‌కు పంపి శిక్షణ ఇప్పించారు. తొలినాళ్ళలో విడిభాగాలు జపాన్ నుండి వచ్చేవి. 1985 తరువాత యెన్ విలువ బాగా పెరగడంతో ఆ దిగుమతులు భారమై, దేశీయ తయారీని వేగవంతం చేయక తప్పలేదు. ఆ ఒత్తిడిలో నుండే మన దేశపు ఆధునిక విడిభాగాల పరిశ్రమ బలపడింది.

1984లో వ్యాను, 1985లో జిప్సీ, 1990లో మారుతి 1000, 1993లో జెన్ వెలువడ్డాయి. 1992లో సుజుకీ వాటా 50 శాతానికి చేరింది. 2002లో యాజమాన్య బాధ్యత ఆ సంస్థకు దక్కింది. 2007లో ప్రభుత్వం తన చివరి వాటాను కూడా విక్రయించింది. అదే ఏడాది కంపెనీ పేరు మారుతి సుజుకీ ఇండియా లిమిటెడ్‌గా మారింది. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ముగిసింది. అప్పటికి 25 లక్షలకు పైగా కార్లు తయారైనవి. పొరుగున పాకిస్తాన్‌లో అదే కారు "మెహరాన్" పేరుతో 1989 నుండి 2019 వరకు తయారైనది. ఒసాము సుజుకీ 2024 డిసెంబరులో కన్నుమూశారు. మన ప్రభుత్వం ఆయనకు 2007లో పద్మభూషణ్, మరణానంతరం 2025లో పద్మవిభూషణ్ ప్రకటించి గౌరవించింది.

మా ఇంటికి వచ్చిన కారు

1998లో సంస్థ ఇచ్చిన వాహన రుణంతో మేము ఈ కారును కొన్నాము. నెలనెలా జీతం స్లిప్పులో కోత పడుతున్నా ఆ రోజుల సంతోషం వేరు. జనగామ సమీపాన మా స్వగ్రామానికి తొలిసారి కారులో వెళ్ళినప్పుడు మా అమ్మ పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, "చిన్నగున్నది గని ముద్దుగున్నది బిడ్డా" అన్నది.

796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను, నాలుగు గేర్లు, 12 అంగుళాల చక్రాలు, 650 కిలోలకు మించని బరువు. అంబాసిడర్‌ను నడిపిన చేతికి ఇది ఆటవస్తువువలె తోచింది. పవర్ స్టీరింగ్ లేకున్నా ఒక చేత్తో తిప్పగలిగేంత తేలిక. ఊరి సందులలో ఎద్దుల బండి మళ్ళే చోటల్లా ఇదీ మళ్ళేది. పట్టణంలో లీటరుకు 16, దూర ప్రయాణాలలో 20 కిలోమీటర్ల వరకు మాకు లభించింది. ఏ చిన్న ఊళ్ళోనైనా దీని విడిభాగాలు దొరకడం, దీని గురించి తెలిసిన మెకానిక్ ఉండడం అన్నింటికంటె పెద్ద సౌకర్యం.

ఐదేళ్ళు ఏ ఇబ్బందీ పెట్టలేదు. అదే మమ్మల్ని ఏమరుపాటుకు గురిచేసింది.

ఆలేరు దాటిన తరువాత

2003 మే నెలలో మేము సెలవుపై ఊళ్ళో ఉన్నాము. ఒక అర్ధరాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైనది. ఉబ్బసం ఆమెకు పాతదే అయినా అంతటి తీవ్రత ఎన్నడూ చూడలేదు. వెనుక సీటులో అమ్మను, ఆమెను పట్టుకొని మా శ్రీమతిని, ముందు సీటులో నిద్రమత్తులో ఉన్న నాలుగేళ్ళ పాపను కూర్చోబెట్టుకొని హైదరాబాదుకు బయలుదేరాము.

ఆలేరు దాటిన కొద్దిసేపటికి ఉష్ణోగ్రత సూచించే ముల్లు పైకి లేవసాగింది. ఇంకొంచెం దూరం పోదామనుకున్నాము. భువనగిరి ఇంకా రాకముందే బానెట్ కింద నుండి ఆవిరి ఎగసి, ఇంజను ఆగిపోయింది. రేడియేటరు నీటిని ఇంజనుకు చేరవేసే రబ్బరు గొట్టం పగిలింది.

ఇందులో కారు దోషమేమీ లేదు. ఆ గొట్టం గట్టిపడి పగుళ్ళు బారిందని, మార్చాలని నెల రోజుల ముందే మెకానిక్ చెప్పాడు. వంద రూపాయలైనా కాని పని. వచ్చే నెల చూద్దాములెమ్మని వాయిదా వేశాము. కర్మాగారంలో ప్రతి పంపుకూ ఒక రిజిస్టరు పెట్టి, ముందుజాగ్రత్త నిర్వహణపై శిక్షణ తరగతులలో ఉపన్యసించే ఇంజనీర్లము మేము. మా సొంత వాహనానికి ఒక కాగితం ముక్క కూడా లేదు.

చీకటిలో చేయి ఊపుతూ నిలబడ్డాము. మూడు నాలుగు వాహనాలు ఆగకుండా పోయాయి. చివరకు హైదరాబాదుకు పాలు తీసుకువెళ్ళే వ్యాను ఆగింది. డ్రైవరు పక్కన అమ్మకు, మా శ్రీమతికి మాత్రమే చోటు ఉన్నది. వారిని ఎక్కించి, ఉన్న డబ్బంతా శ్రీమతి చేతిలో పెట్టి పంపించాము. పాపను భుజాన వేసుకొని తెల్లవారే వరకు రహదారి పక్కన కూర్చున్నాము. అప్పటికి మా వద్ద సెల్‌ఫోను లేదు. అమ్మ ఆసుపత్రికి చేరిందో లేదో తెలియదు. ఆ నాలుగు గంటలలో మేము మా చదువును, ఉద్యోగాన్ని, ఉపన్యాసాలను తలచుకొని సిగ్గుపడినట్లు జీవితంలో మరెన్నడూ సిగ్గుపడలేదు.

ఉదయం ఒక ఎస్టీడీ బూత్ నుండి బంధువుల ఇంటికి ఫోను చేస్తే అమ్మకు ఆక్సిజన్ పెట్టారని, ప్రమాదం తప్పిందని తెలిసింది. ఇంకొంత ఆలస్యమైతే కష్టమయ్యేదని వైద్యులు చెప్పారట. ఆ పాల వ్యాను డ్రైవరు పేరు కూడా మేము అడగలేదు. ఆ తరువాత ఆ దారిన పోయినప్పుడల్లా వెదికాము, కనబడలేదు.

మూడవ రోజు ఆసుపత్రి మంచంపై కూర్చున్న అమ్మ ముందు తల వంచుకొని నిలబడితే, "బండిదేం తప్పు లేదు బిడ్డా, దానికి దూపయింది. నువ్వు నీళ్ళు చూడలే" అన్నది. దూప అంటే దాహం. ఎన్ని సాంకేతిక గ్రంథాలు చదివినా ఇంతకంటె సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆమె మరో 13 సంవత్సరాలు మా మధ్య ఉన్నది.

నోటు పుస్తకం

ఆ వారమే కారు ముందు అరలో ఒక నోటు పుస్తకం పెట్టాము. ఎన్ని కిలోమీటర్లకు ఏమి మార్చాము, ఎంత పెట్రోలు పోశాము, ఏది ఎప్పుడు మార్చవలసి ఉన్నది అనేవి అందులో వ్రాయడం మొదలుపెట్టాము. మా పాప భాగహారాలు నేర్చుకున్నది ఆ పుస్తకంలో మైలేజీ లెక్కలు కడుతూనే. ప్రస్తుతం ఐదవ పుస్తకం నడుస్తున్నది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు నిండి 2013లో మొదటిసారి, ఆపై ఐదేళ్ళకొకసారి కారును తనిఖీ చేయించి గడువు పొడిగించుకుంటూ వచ్చాము.

పాఠకుల ప్రయోజనార్థం అందులో నుండి కొన్ని విషయాలు పేర్కొంటున్నాము. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మట్టం చూడాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయడం ప్రమాదకరం. కూలింగ్ వ్యవస్థలో పీడనం నిలిచి ఉన్నంతవరకే నీరు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. గొట్టంలో చిన్న పగులు ఏర్పడితే పీడనం పడిపోతుంది, నీరు వెంటనే ఆవిరవుతుంది. అల్యూమినియం సిలిండర్ హెడ్ అతిగా వేడెక్కితే వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ పాడవుతుంది. కనుక ముల్లు పైకి లేచిన క్షణమే బండిని ఆపాలి. రబ్బరు వస్తువులకు కిలోమీటర్లతో పాటు వయస్సు కూడా ఉంటుంది. గొట్టాలు, బెల్టులు, టైర్లు తిరగకపోయినా ముసలివవుతాయి.

యజమానులుగా మా అభిప్రాయం

ఇన్నేళ్ళ అనుభవంతో నిష్పాక్షికంగా చెప్పాలంటే, ఈ కారు తన కాలపు అవసరానికి తగినది. కాని లోపాలు లేనిది కాదు. దీనిలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. పలుచని రేకు, తక్కువ బరువు ఆదాకు కారణమైనా, నేటి రహదారుల వేగానికి అవి సరిపోవు. పెద్ద లారీ పక్కనుండి దూసుకుపోతే కారు ఊగుతుంది. తేలికదనం కోసం చెల్లించే మూల్యం అది. ఆ తరం చిన్న కార్లన్నింటికీ ఇది వర్తిస్తుంది.

ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈ మధ్య ఊరి ప్రయాణమనగానే, "నాన్నా, అమ్మను ఈ కారులో హైవే మీదికి తీసుకువెళ్ళకండి. నానమ్మ విషయంలో ఒకసారి వాయిదా వేశారు కదా" అన్నది. ఆ మాట మాకు గుచ్చుకున్నది. కాని సబబైన మాట. గొట్టం మార్చకపోవడం ఎటువంటి ఏమరుపాటో, భద్రత లేదని తెలిసీ అభిమానం కొద్దీ పాత కారులో ఇంటివారిని దూర ప్రయాణాలకు తీసుకుపోవడమూ అటువంటిదే. అందువలన ఎయిర్‌బ్యాగులున్న కారు మరొకటి కొన్నాము. పాతది టౌన్‌షిప్ గేటు దాటదు. కూరగాయల మార్కెట్టుకు, గుడికి, మన డిస్పెన్సరీకి వెళ్ళివస్తుంది. 2028లో రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన పిమ్మట పొడిగించరాదని మేమిద్దరం నిశ్చయించుకున్నాము.

"ఇంకా ఎందుకు ఉంచుకున్నారు?" అనే ప్రశ్నకు మా సమాధానం ఇదే. ప్రతి ఉదయం బానెట్ ఎత్తి నీళ్ళు చూసే అలవాటును అది మా చేత తప్పకుండా చేయిస్తున్నది. అటుపై కర్మాగారానికి వెళ్ళి పంపుల రిజిస్టరుపై సంతకం చేసేటప్పుడు, ఆ సంతకం వెనుక ఎవరో ఒక తల్లి ప్రాణం ఉండవచ్చునన్న సంగతి గుర్తుకు వస్తుంది. హమమత్సులో తల్లి కోసం కొయ్య చెక్కిన ఆ యువకుడు మంచి యంత్రం ఎలా పుడుతుందో చూపాడు. దానిని బ్రతికించి ఉంచడం మాత్రం నడిపేవారి పని.

సోదర ఉద్యోగులకు మా మనవి ఒక్కటే. మీ వాహనం ఏ కంపెనీదైనా, కొత్తదైనా పాతదైనా, రేపు ఉదయం ఒక నోటు పుస్తకం కొని దానిలో పెట్టండి. మెకానిక్ చెప్పిన పనిని వచ్చే నెలకు వాయిదా వేయకండి.